డెల్మార్ కట్టిన టాక్సు

పార్సిల్ మీద డెల్మార్ క్రైగర్ పేరు చూసినప్పుడు ట్వైలాకు మొదట కోపం రాలేదు, చిన్నబోయినట్టయింది. ఊళ్ళో సగం మంది ఇప్పుడు తుపాకులు ఆన్‌లైన్‌లోనే కొంటున్నారు. ట్వైలా షాపుకొచ్చి, అద్దాల బీరువాలో ఉన్నవన్నీ చేత్తో పట్టుకుని బరువు చూసి, ధర అడిగి, ఇంటికి పోయి ఫోన్‌లో ఆర్డరు పెడతారు. వాళ్ళ సంగతి వేరు. డెల్మార్ అలా చేస్తాడని ఆమె అనుకోలేదు. పన్నెండేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు చర్చి వెనక హాల్లో ఆమెకు తుపాకి పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఆల్కలీ ఫ్లాట్ అనే ఆ ఊళ్ళో వేట లైసెన్సు ఉన్న ప్రతివాళ్ళూ ఆయన శిష్యులే.

అసలు ఆ పార్సిల్ తన దగ్గరికి రావలసింది కాదు. ఎవరు ఆన్‌లైన్‌లో కొన్నా తుపాకి నేరుగా ఇంటికి రాదు. లైసెన్సున్న డీలరుకు రావాలి, కొన్నవాడు అక్కడికొచ్చి ఫారం నింపాలి, ప్రభుత్వం వాళ్ళు సరేనన్నాక డీలరు తన చేత్తో ఇవ్వాలి. డెల్మార్ ఎంచుకున్న డీలరు పక్క ఊళ్ళో కారు షెడ్డులో వ్యాపారం చేసుకునే రోలండ్. రోలండ్ మంచుమీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుని ఆసుపత్రిలో ఉన్నాడు. తనకొచ్చే పార్సిళ్ళు కొన్నాళ్ళు నువ్వే తీసుకో అని ట్వైలాను బతిమాలాడు. ఆ సంగతి డెల్మార్‌కు తెలిసే వీలు లేదు.

కిటికీ పక్క కుర్చీలో కాఫీ తాగుతున్న గార్త్ ఆ అట్టపెట్టె వంక చూసి నవ్వాడు. చక్కెర ఫ్యాక్టరీలో బీటు దుంపలు తూచే పని మానేసినప్పటి నుంచి అతని పొద్దంతా ఈ షాపులోనే గడుస్తుంది.

"ఇంకో మహానుభావుడు టాక్సు మిగిల్చుకున్నాడా?"

ఆ రోజులు పోయాయని ట్వైలా చెప్పింది. ఇప్పుడు ఆన్‌లైన్ వాళ్ళు కూడా ఈ వయోమింగ్ రాష్ట్రపు టాక్సు ముక్కుపిండి వసూలు చేస్తున్నారు. దానిపైన రవాణా ఖర్చు, ఆపైన డీలరు ఫీజు.

"అయితే టాక్సు ఎగ్గొట్టే కళ తెలిసినవాడు ఈ జిల్లాలో ఒక్క డెల్మారే మిగిలాడు" అన్నాడు గార్త్. పక్క రాష్ట్రం మోంటానాలో అమ్మకపు పన్ను లేదు. సరిహద్దు అరగంట దూరం. ట్రాక్టరు టైర్లు, ఫ్రిజ్, చివరికి భార్య ఎడలైన్ కళ్ళజోడు కూడా డెల్మార్ సరిహద్దు అవతల బిల్లింగ్స్ దాకా పోయి కొన్నాడని, అక్కడినుంచి ఫ్రిజ్ తెస్తుంటే దారిలో ట్రక్కు చెడిపోయి, మిగిల్చిన టాక్సుకు పదింతలు మెకానిక్కు పెట్టాడని గార్త్ చెప్పుకుంటూ పోయాడు. "ఎడలైన్ పోయినప్పుడు శవపేటిక కూడా అక్కడే బేరమాడాడు. ఆవిడుంటే మెచ్చుకునేది."

ట్వైలా నవ్వబోయి ఆగిపోయింది. పెట్టె మీద పేరున్న వైపు తన పొట్టకు ఆనించి పట్టుకుని వెనక గదిలోకి తీసుకెళ్ళింది.

తుపాకి నంబరు సరిచూడడానికి పెట్టె విప్పాలి. లోపల కొత్త పిస్తోలు, దానిమీద మడిచిన బిల్లు. ఆమె బిల్లు చదివి, మళ్ళీ చదివింది. సరుకు ధర, వయోమింగ్ టాక్సు, బీమాతో కలిపి రవాణా. అదే పిస్తోలు తన బీరువాలో రెండో అరలో ఉంది. తన ధరకు టాక్సు కలిపినా దీనికంటే తక్కువే.

పైసా పైసా లెక్క చూసే మనిషి, ఊళ్ళో ఉన్న షాపు వదిలేసి, ఎక్కువ డబ్బిచ్చి, టాక్సు నోరుమూసుకుని కట్టి, తనను ఎరగని డీలరును వెతుక్కున్నాడు. డబ్బుకోసం కాదు. ఈ కౌంటరు ముందు నిలబడి ట్వైలా కళ్ళలోకి చూడడం ఇష్టం లేక. అదెందుకో ఆమెకు అప్పుడు తట్టింది.

ఆమె తలెత్తి గోడ వైపు చూసింది. ఆ గదిలో గోడ పొడుగునా ఇనుప కటకటాల బీరువా ఉంది. దాంట్లోవి అమ్మకానివి కావు. ఎవరింట్లోనైనా రోజులు బాగాలేనప్పుడు తుపాకులు తెచ్చి ఇక్కడ పెట్టిపోవడం ఆల్కలీ ఫ్లాట్‌లో ట్వైలా తండ్రి కాలం నుంచీ ఉంది. పంట పోయినప్పుడు, కాపురం చెడినప్పుడు, యుద్ధం నుంచి వచ్చిన పిల్లాడు నిద్రపోనప్పుడు తెస్తారు. కారణం ఎవరూ చెప్పరు, షాపువాళ్ళు అడగరు. ఎలకలు కొడుతున్నాయనో, గోడలకు రంగు వేయిస్తున్నామనో ఏదో అంటారు. ఎడలైన్ పోయాక డెల్మార్ కూడా తన రైఫిళ్ళన్నీ దుప్పట్లో చుట్టి తెచ్చాడు. ఇంట్లో చోటు చాలడం లేదన్నాడు. ఆయనొక్కడే మిగిలిన ఇంట్లో చోటు చాలకపోవడమేమిటని అప్పుడు కూడా ఆమె అడగలేదు.

అప్పుడు తనేం చేసుకుంటాడోనని తనకే భయమేసి తుపాకులు తెచ్చిచ్చాడు. ఇప్పుడా భయం పోయినట్టుంది. రైఫిళ్ళు తిరిగి ఇమ్మని వస్తే, ఎలా ఉన్నారు మాస్టారూ అని ట్వైలా అడుగుతుంది. ఆ ప్రశ్న తప్పించుకోవడానికే ఇంత ఖర్చు.

ఆమె డెల్మార్‌కు ఫోన్ చేసింది. పార్సిల్ తన దగ్గరికి వచ్చిందని చెప్పింది. రోలండ్‌కు కదా పంపమన్నాను అని ఆయన గొణిగాడు. రోలండ్ తుంటి సంగతి చెప్పింది.

"సరే. వస్తున్నా" అన్నాడు డెల్మార్.

వెంటనే కాస్పర్‌లో ఉన్న ఆయన కూతురు లోర్నాకు చేసింది. ఎత్తలేదు. తిరిగి ఫోన్ చెయ్యమని సందేశం పెట్టింది. కాస్త పనుంది, ఎదురుగా హోటల్లో కూర్చో అని గార్త్‌తో అంది. "పావు శతాబ్దం కాఫీ పోసి ఇప్పుడు గెంటేస్తున్నావు" అంటూనే ఆమె మొహం చూసి లేచాడు. ఇంకేం అడక్కుండా కప్పు కడిగి బోర్లించి వెళ్ళాడు.

డెల్మార్ ట్రక్కు వచ్చి ఆగింది. ఆయన నున్నగా గడ్డం గీసుకుని, చర్చికి వేసుకునే తెల్లచొక్కా వేసుకుని దిగాడు. పక్క సీటు ఖాళీగా ఉంది. బస్టర్ అనే ఆ ముసలి కుక్క లేకుండా ఆ ట్రక్కును ట్వైలా ఎప్పుడూ చూడలేదు.

"బస్టర్ ఏడి మాస్టారూ?"

"హాఫ్‌మన్ వాళ్ళకిచ్చేశా. పిల్లలున్న ఇల్లు. దానికి బాగుంటుంది."

చాలా మామూలుగా చెప్పాడు. ఆ మామూలుతనమే ఆమెను భయపెట్టింది. కొనడానికొచ్చిన మనిషి మీద ఇలాంటి అనుమానం ఎప్పుడైనా వస్తే ఏం చెయ్యాలో తండ్రి చెప్పాడు. ఫారం ఇవ్వకుండానే ఆపెయ్యమన్నాడు. కానీ ఎదురుగా మాస్టారు చెయ్యి చాపి నిలబడితే ఆమె చెయ్యి దానంతటదే ఫారం తీసి ఇచ్చింది.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని నింపాడు. ఏ గడీ దగ్గరా కలం ఆగలేదు. ట్వైలా ఆ వివరాలు కంప్యూటరులో ప్రభుత్వం వాళ్ళకు పంపింది. ఇద్దరూ ఎదురుచూశారు. బయట బీటు దుంపల లారీ ఒకటి గేరు మార్చుకుంటూ పోయింది. అద్దాలు అదిరాయి. డెల్మార్ అద్దాల బీరువాలోని రెండో అర వంక చూసి గబుక్కున తల తిప్పుకున్నాడు.

జవాబు తొందరగానే వచ్చింది. ఇవ్వవచ్చు.

తెర ఆమె వైపే ఉంది. ఆలస్యమవుతుందట అని ఒక్క మాట అంటే కొద్దిరోజులు గడువు దొరుకుతుంది. ఆయన నమ్ముతాడు కూడా. పక్షుల వేట మొదలయ్యే రోజుల్లో కొనేవాళ్ళు ఎక్కువై అందరికీ అలా ఆలస్యాలు వస్తూనే ఉంటాయి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఈ అబద్ధం బయటపడితే ఆయన ఇంకెప్పుడూ ఈ గుమ్మం తొక్కడు. అప్పుడు ఆయన్ను చూసేవాళ్ళు కూడా ఉండరు.

"ఏమొచ్చింది?"

"ఇవ్వొచ్చని వచ్చింది మాస్టారూ. నేను మాత్రం ఇవ్వను."

డెల్మార్ కళ్ళజోడు తీసి మడిచాడు. "చట్టం ఇమ్మంటే నువ్వెవతివే కాదనడానికి?"

"ఇమ్మనదు. ఇవ్వొచ్చంటుంది. అంతే."

"డబ్బు కట్టాను. అది నాది."

"కట్టారు. టాక్సుతో సహా కట్టారు. మీరు."

ఆ చివరి మాటకు ఆయన మెడ ఎర్రబడింది. పాముల కోసమన్నాడు. దొంగల కోసమన్నాడు. నీ సరుకు అమ్ముడుపోలేదని కుళ్ళు నీకు, మీ నాన్న ఇలాంటివాడు కాదు అన్నాడు.  ఇక్కడ కాకపోతే షెరిడన్ వెళ్ళి కొంటానన్నాడు.

"వెళ్తారు. నేను ఆపలేను. అందుకే అడుగుతున్నా." ఆమె ఆయన కళ్ళలోకే చూసింది. "చచ్చిపోదామనుకుంటున్నారా మాస్టారూ?"

ఆ ఊళ్ళో ఆ ప్రశ్న ఎవరూ ఎవర్నీ అడగరు. తుపాకులు తీసుకుంటారు, రొట్టెలు చేసి పంపుతారు, గుమ్మం ముందు మంచు తవ్విపెడతారు. నోరు తెరిచి అడగరు. ఆమె తన చెంప మీద కొట్టినట్టు డెల్మార్ చూశాడు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. తలుపు గంట గట్టిగా మోగింది.

ట్వైలా కిటికీలోంచి చూసింది. ఆయన ట్రక్కు ఎక్కాడు. ఇంజను శబ్దం రాలేదు. రెండు చేతులూ స్టీరింగు చక్రం మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఇప్పుడాయన తాళం తిప్పితే షెరిడన్ దారి పడతాడు.

పిస్తోలును ఇనుప బీరువాలో పడేసి తాళం వేసింది. తుపాకుల షాపు తలుపు బార్లా వదిలి వెళ్ళడం ఆ ఇంటా వంటా లేదు. అయినా వదిలేసి వీధిలోకి పరుగెత్తింది. ఎదురుగా హోటలు కిటికీలో గార్త్ మొహం కనిపించింది. షాపు వైపు వేలు చూపించింది. అతను అప్పటికే లేచి వస్తున్నాడు.

ఆమె ట్రక్కు తలుపు తీసి, కుక్క కూర్చునే సీట్లో కూర్చుంది. సీటంతా వెంట్రుకలు. డెల్మార్ తల తిప్పలేదు.

"మీరే నేర్పారు" అంది ట్వైలా. "కంచె దాటేటప్పుడు తుపాకి పట్టుకుని దాటొద్దన్నారు. పక్కనున్నవాళ్ళ చేతికివ్వాలి. ఖాళీ చేతుల్తో దాటాలి. దాటాక మళ్ళీ తీసుకోవాలి. నేను మరిచిపోయినట్టు నటిస్తే గుంజీళ్ళు తీయించారు."

ఆయన చక్రాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"మీరింకా కంచె మీదే ఉన్నారు మాస్టారూ. నేను పట్టుకుంటా. అంతే నేనడిగేది."

గార్త్ షాపు గుమ్మంలో చేతులు కట్టుకుని, ఆకాశం వంక చూస్తున్నట్టు నిలబడ్డాడు. డెల్మార్ చక్రం మీదికి తల వాల్చాడు. భుజాలు కదిలిపోతున్నాయి. ఆయన ఏడుస్తుంటే చూడకూడదని ట్వైలా కాళ్ళ దగ్గరి రబ్బరు పట్టా వైపు చూస్తూ కూర్చుంది. పొద్దున లేవగానే రెండు కప్పుల కాఫీ కాస్తున్నానని, పారబోసేటప్పుడు మాత్రమే గుర్తొస్తుందని ఆయన ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఆపైన, అవును అన్నాడు. ఇందాక అడిగినదానికి జవాబు అదేనన్నాడు.

ట్వైలా ఆయన మోచేతి మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. డాక్టరు దగ్గరికి ఇప్పుడే వెళ్దామంది, ట్రక్కు తాను నడుపుతానంది. ఆయన తల ఊపాడు. ఆమె ఫోన్ మోగింది. లోర్నా. ట్వైలా దాన్ని ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు వింటూనే ఉన్నాడు. చివరికి, రా అన్నాడు. ఒక్క ముక్క.

ఇద్దరూ సీట్లు మారారు. ఊరి చివర చక్కెర ఫ్యాక్టరీ దాటి ఆసుపత్రి రోడ్డు ఎక్కేదాకా ఆయన కిటికీలోంచి దున్నిన పొలాలు చూస్తూ ఉన్నాడు. మలుపు దగ్గర గొంతు సవరించుకున్నాడు.

"అది వెనక్కి పంపిస్తే ఆ టాక్సు తిరిగిస్తారా?"

ట్వైలా రోడ్డు మీదినుంచి కళ్ళు తిప్పలేదు. తిప్పితే ఏడుపొచ్చేలా ఉంది. "ఇస్తారు."

"రవాణా ఖర్చో?"

"అది రాదు."

డెల్మార్ మనసులో లెక్కేశాడు. "దొంగ వెధవలు" అన్నాడు. అంతలోనే, "నీ ఫీజు మాత్రం ఇవ్వను. సరుకు చేతికివ్వకుండా ఫీజేంటి?"

"సగమైనా ఇవ్వండి మాస్టారూ. ఫారం నింపించాను."

"చూద్దాంలే" అన్నాడు డెల్మార్.