మైకు నా దాకా వచ్చేలోపు

పోయిన వేసవి అన్నాడా, అన్నాడు, నేను విన్నాను, నీళ్లలో ఆక్సిజన్ కొలిచే సెన్సార్‌కు నాచు పడితే మా ఏఐ యాప్ పొరబడుతుందని పోయిన వేసవిలోనే కనిపెట్టాం, విదేశీ కంపెనీకి సరిచేసి ఇచ్చాం, వాళ్లు పరీక్షించినట్టు కాగితం చూడనిదే కొనరండీ అని నాకు తమ్ముడి వరసైన పవన్‌కుమార్ స్టేజీ మీద నవ్వుతూ చెబుతున్నాడు, ఏఐకి ఎలాంటి నిబంధనలు కావాలో అడగడానికి అధికారులు బెజవాడ హోటల్లో పెట్టిన సభ ఇది, ఏసీ చలికి నా కాళ్లు బిగుసుకుపోతున్నాయి, మా రొయ్యలు చచ్చింది కార్తీకంలో, అంటే అప్పటికే తెలుసు వీడికి, తెలిసీ మా చెరువుకు పాతదే ఉంచాడు, నా చేతి పులుసు తింటూ, అక్కా అక్కా అంటూనే.

ఆ పొద్దున గట్టు పొడుగునా చచ్చిన రొయ్యలు, నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లన్నీ ఆగిపోయి ఉన్నాయి, వాటిని నడిపేదీ ఆపేదీ వీడి యాపే, అందులో మాత్రం అంతా బాగుందని పచ్చ గుర్తు, నేను ఆపలేదే లక్ష్మీ అన్నాడు మా ఆయన మంగరాజు, వీడేమో ఫోన్లో, బావే స్విచ్ ఆపేసుంటాడక్కా అన్నాడు, వీణ్ణే నమ్మాను, తాగి పడుకున్నావని ఇరవై రెండేళ్ల మొగుణ్ణి పదిమందిలో అన్నాను, కొల్లేట్లో పుట్టి నీళ్ల రంగు చూసి చేప ఊపిరి చెప్పగల మనిషిని, ఆ మాట పడలేక కైకలూరు అవతల ఎవరిదో చెరువుకు కాపలా పోయాడు, ఇంతవరకు ఫోన్ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు.

ఇప్పుడు మా నాగలక్ష్మక్క చెప్తుంది సార్, రూల్స్ పెడితే మాలాంటి చిన్న కంపెనీలు బతకవని, అంటున్నాడు, గుడివాడ దాటిన దగ్గర్నుంచి కారులో నాచేత అదే వల్లె వేయించాడు, తడిగుడ్డతో గొంతు కోశావు కదరా తమ్ముడూ, కాగితం అడిగినచోట నువ్వు బతకలేదా, అడిగారు కాబట్టే బుర్ర పెట్టి మంచిది చేశావు, చేతకాక కాదు, ఇక్కడ అడిగే దిక్కు లేక, నేనైనా అడిగానా, తమ్ముణ్ణి పట్టుకుని ఏం అడుగుతాంలే అని మొహమాటపడ్డాను, ఆ మొహమాటం మంగరాజు దగ్గర లేకపోయింది, పాపం ఆయన్ను మాత్రం పదిమందిలో నిలదీశాను, అయినవాణ్ణి అడగడానికి నాకు నోరు రాదు, చట్టానికి రావాలి, చెప్పండమ్మా అంటున్నారు ఆఫీసరుగారు, మైకు చల్లగా ఉంది, మా ఆయన స్విచ్ ఆపలేదండీ, ముందు అది రాసుకోండి.