ఏటీ అనుకోకండి

తెల్లారి ఆరింటికి ఓడల యార్డున్న సెంబవాంగ్‌లో రైలెక్కిన అప్పయ్య కడుపులో ఇప్పటిదాకా పడింది ఒక్క టీ చుక్క. మధ్యాహ్నం పన్నెండు కావస్తోంది. యూనివర్సిటీ హాల్లో, ముందు వరుసలో, ఏసీకి వణుకుతూ కూర్చున్నాడు. రేపు ఉదయం విమానానికి కంపెనీ అతనికి టిక్కెట్టు తీసేసింది. ఇక్కడున్న పెద్దలు అతని గోడు నమ్మి అర్జీ మీద సంతకాలు చేస్తే, విచారణ జరిగేదాకా ప్రయాణం ఆగొచ్చు. చెయ్యకపోతే ఓడల యార్డులో నాలుగేళ్ల చాకిరీకి ఒక సూట్‌కేసు మిగులుతుంది.

అతను చేసిన నేరమల్లా ఒకటే. ఓడ అడుగు టాంకులోకి దిగి వెల్డింగ్ చెయ్యమంటే, గ్యాస్ పరీక్ష చేసిన కాగితం ఏదని అడిగాడు. కాగితం లేదు. అతను దిగలేదు. మూడో రోజుకల్లా వర్క్ పర్మిట్ రద్దయింది. కంపెనీ అడిగింది, పర్మిట్లిచ్చే సర్కారు ఆఫీసరు కొట్టేశాడు. నీ మాటేమిటని అప్పయ్యను అడిగిన నాథుడు లేడు.

వేదిక మీద ఇద్దరు న్యాయశాస్త్ర పండితులు సరిగ్గా దాని గురించే వాదించుకుంటున్నారు. ఒకాయన తల నెరిసిన పెద్ద ప్రొఫెసర్. రెండో ఆవిడ సరోజిని. ఆమె తాతగారు విశాఖపట్నం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారట. ఆమెకు తెలుగులో మిగిలింది "బాగున్నారా" ఒక్కటే. ఆ ఒక్క మాటతోనే పొద్దున అప్పయ్యను లోపలికి పిలుచుకొచ్చింది.

"ఏటంతన్నాడాయన?" అప్పయ్య పక్కకు వంగి అడిగాడు.

పక్కన కూర్చున్న జనార్దన్ గొంతు తగ్గించాడు. "పరాయి దేశపు వాణ్ని ఉంచడం, పంపడం సర్కారు ఇష్టం అంటున్నాడు. కోర్టు అందులో వేలు పెట్టకూడదట."

"మరామె?"

"ఇష్టమే కావచ్చు, కానీ కారణం చెప్పాలి, మనిషి మాట వినాలి అంటోంది."

"అదే కదా నానూ అడిగింది," అన్నాడు అప్పయ్య.

జనార్దన్ మెడలో వేలాడుతున్న ఆఫీసు కార్డును చొక్కా జేబులోకి తోసుకున్నాడు. ఇస్త్రీ చెడని నీలం చొక్కా. దాన్ని చూస్తే అప్పయ్యకు కడుపులో మంట లేస్తుంది. లేవదా మరి! పలాస బోర్డు స్కూల్లో ఇద్దరిదీ ఒకే బెంచీ. లెక్కల్లో అప్పయ్య ఫస్టు. జనార్దన్ అప్పయ్య కాగితం చూసి రాసి గట్టెక్కినవాడు. తర్వాత అప్పయ్య ఐటీఐలో వెల్డింగ్ పట్టాడు. జనార్దన్‌ను బావమరిది హైదరాబాద్ తీసుకుపోయి ఆరు నెలలు కంప్యూటర్ నేర్పించాడు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తలకిందులవుతాయని లోకం భయపడిన రోజులవి. ఆ భయం మీద విమానమెక్కిన వేలమందిలో జనార్దన్ ఒకడు. ఇప్పుడతనికి నెలకు నాలుగువేల డాలర్లు. అప్పయ్యకు రోజుకు ఇరవై రెండు.

జీతం సంగతైతే సర్దుకుపోయేవాడేమో. బెడోక్‌లో జనార్దన్ ఫ్లాట్‌కి భోజనానికి వెళ్లినప్పుడు గుమ్మం బయట రెండు జతల చెప్పులు చూశాడు. ఒకటి అతనివి, ఒకటి అతని పెళ్లాం కల్పనవి. అది మాత్రం మింగుడుపడలేదు. జనార్దన్‌కున్న ఆఫీసు ఉద్యోగుల పాస్‌కి పెళ్లాన్ని తెచ్చుకోవచ్చు. అప్పయ్య కూలి పర్మిట్‌కి కూడదు. అప్పయ్య పెళ్లాం రత్తమ్మ చెప్పులు నాలుగేళ్లుగా పలాసలోనే ఉన్నాయి. ఆ రోజు కల్పన గోంగూర మారు వడ్డిస్తుంటే చాలమ్మా అని లేచిపోయాడు. నిజానికి ఆకలి తీరలేదు.

సరోజిని అతన్ని పిలిచింది. అప్పయ్య లేచి మైకు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తర్జుమా చెయ్యడానికి జనార్దన్ పక్కనే నిలబడ్డాడు.

"ఏటీ అనుకోకండి బాబూ. నాను పన్జెయ్యనన్లేదు. కాయితం సూపించమన్నాను. గాలి సూడకుండా టాంకులోకి దిగితే సచ్చిపోతారని సేఫ్టీ క్లాసులో మాకు మీవోళ్లే నేర్పినారు. నేర్పిందే అడిగాను."

జనార్దన్ గొంతు సవరించుకున్నాడు. "హి ఈజ్ వెరీ సారీ, సర్..."

తర్వాతి ఇంగ్లీషు అప్పయ్యకు అందలేదు. ఆ మాట మాత్రం అందింది. యార్డులో ఎవడైనా మొదట నేర్చుకునే మాట అదే. పైపు జారితే సారీ. సూపర్‌వైజర్ పైపు జారవిడిచినా సారీ. అలాంటి ఇంగ్లీషు మాటలు అప్పయ్య దగ్గర నలభైకి మించి లేవు.

పెద్ద ప్రొఫెసర్ నవ్వుతూ ఏదో అన్నాడు. అందులోనూ సారీ వినబడింది. హాల్లో నలుగురు తలలూపారు. సరోజిని ముఖం చిన్నబోయింది.

"ఏటన్నాడ్రా?"

"కార్మికుడే తప్పు ఒప్పుకున్నాడు కదా, ఇంక విచారణ దేనికి అన్నాడు."

"నానెప్పుడు ఒప్పుకున్నాను?"

"నువ్వే కదరా ఏటీ అనుకోకండి అన్నావు."

"పెళ్లికి పిలిసినా ఏటీ అనుకోకండనే అంతాం. అది తప్పొప్పుకోడమా? పలాసోడివి, నీకు తెల్దా?"

జనార్దన్ నేలచూపులు చూశాడు. "తెలుసు. ఇక్కడే ఉండిపోడానికి పెట్టుకున్న నా పీఆర్ కాగితాలు కూడా ఆ ఆఫీసులోనే ఉన్నాయిరా. మెత్తగా చెబితే ఇద్దరికీ మంచిదనుకున్నాను."

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, అప్పయ్య పరువు తీసి ఆ పెద్దల చేతిలో పెట్టేశాడన్నమాట. రెండు జతల చెప్పులు, నీలం చొక్కా, నాలుగువేల డాలర్లు అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. అన్నీ ఉన్నవాడికి ఈ చివరి మాట కూడా కావలసి వచ్చింది.

"నా లెక్కలు సూసి రాసేవోడివి," అన్నాడు అప్పయ్య నెమ్మదిగా. "అప్పుడూ అంతే. సూసి రాసిందాన్లో తప్పులు నువ్వే కలిపేవోడివి. మళ్లీ సెప్పు. ఉన్నదున్నట్టు సెప్పు."

జనార్దన్ మైకు దగ్గరకు వంగాడు. మళ్లీ వెనక్కి జరిగాడు. చెయ్యి జేబులో ఉన్న కార్డు మీదే ఉంది.

"కూసో, నాను సెప్తాను."

అప్పయ్య మైకును తన వైపు తిప్పుకున్నాడు. నలభై మాటలున్నాయి. వాటిలోంచి ఒక్కొక్కటే ఏరాడు.

"సర్. టాంక్. గ్యాస్ చెక్, నో. పేపర్, నో. ఐ నో గో." ఊపిరి తీసుకున్నాడు. "ఐ నో సారీ."

సరోజిని కలం తీసుకుని ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకుంటోంది. పెద్ద ప్రొఫెసర్ అర్జీ కాగితాన్ని ముందుకు లాక్కున్నాడు. సంతకానికో, పక్కన పెట్టడానికో తెలియదు.

అప్పయ్య పక్కకు చూశాడు. జనార్దన్ అతని వంకే చూస్తున్నాడు. ఆ చూపు అప్పయ్యకు బాగా తెలుసు. బెడోక్ గుమ్మంలో నిలబడి రెండు జతల చెప్పులను తను చూసిన చూపు అది.