అవ్వ తినని ఎర్రముక్క

తేనె కాలుతోంది.

మాడటం కాదు... కాలడం. అంచులు నల్లబడే ముందు వచ్చే వాసన. అబుదాబిలో, ఎనిమిదో అంతస్తు వంటింట్లో, హుస్సేనమ్మ ఆ వాసన కోసమే నిలబడింది.

ఓవెన్‌లో పంది మాంసం. హాంకాంగ్ వాళ్ల చార్ సియూ, ఎర్రగా కాలే తీపి ముక్కలు. కోసేదీ, కాల్చేదీ, వడ్డించేదీ మేడమే. ఈ ఇంట్లో వంటపనికి వచ్చిన రాయచోటి హుస్సేనమ్మ దాన్ని ముట్టదు. ముట్టమని ఎవరూ అనరు.

పూసే మసాలా మాత్రం ఆమెదే. తేనె, సోయా, వెల్లుల్లి, అనాసపువ్వు.

పచ్చి మసాలా నాలుకకు అబద్ధం చెబుతుంది. మాంసంతో కాలితేనే నిజం. అందుకే తన గిన్నెలో, తన పొయ్యి మీద, ఒక కోడికాలు. అదే మసాలా. దాంట్లో ఉప్పు సరిపోతే దీంట్లోనూ సరిపోయినట్టే.

ఇవాళ సరిపోయింది.

అయినా భయం.

ఆస్పత్రి నుంచి వచ్చాక మేడమ్ అత్తగారు, హుస్సేనమ్మకు అవ్వ, తిండి మానేసింది. ఎముకల మీద చర్మం. ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వేస్తామన్నాడు డాక్టరు. కొవ్వూ, బలమూ, తీపీ... అన్నీ ఒక్క ముక్కలో. చిన్ననాటి నుంచీ అవ్వకు ప్రాణమైన ముక్క.

మేడమ్ అవ్వ ముందు పళ్లెం పెట్టింది.

"ఖలాస్," అంది అవ్వ, ఇక చాలని. ఈ దేశంలో నేర్చుకున్న రెండు మాటల్లో ఒకటి.

"ఖలాస్ లేదు, గిలాస్ లేదు. తిను అవ్వా! గొట్టమేస్తే నీ అందమంతా పోతాదే," అంది హుస్సేనమ్మ.

అవ్వకు తెలుగు రాదు. ఆమె చూపు హుస్సేనమ్మ చేతిలోని కోడికాలి మీద ఉంది. రోజూ అందరూ తిన్నాక, వంటింట్లో, నిలబడి తినే మనిషి మీద ఉంది.

పక్క కుర్చీని తట్టింది.

"యల్లా." రా అని, ఆ రెండో మాట.

"బైఠో, హుస్సేనా," అంది మేడమ్ వచ్చీరాని హిందీలో, గొంతు తగ్గించి. "మమ్మా బులాతీ." అత్తగారు కూర్చోమని పిలుస్తోందట.

ఆ బల్ల దగ్గరా? ఆ పళ్లెం పక్కనా?

హుస్సేనమ్మ కదల్లేదు. అవ్వ తన పళ్లేన్ని దూరంగా, ఇంకా దూరంగా, బల్ల చివరిదాకా జరిపింది. మళ్లీ కుర్చీని తట్టింది.

బిస్మిల్లా అనుకుని కూర్చుంది హుస్సేనమ్మ. కుర్చీ అంచున. కోడికాలి నుంచి ఒక ముక్క పీకి నోట్లో పెట్టుకుంది.

అవ్వ ఆ నోటినే చూసింది. చాలాసేపు చూసింది.

తర్వాత చాప్‌స్టిక్స్ చాచి, దూరంగా ఉన్న పళ్లెంలోంచి ఒక ఎర్రముక్క తీసుకుంది.

ఈమె నమిలితే ఆమె నమిలింది. ఈమె ఆగితే ఆమె ఆగింది.



కోడికాలు అయిపోయింది. వేళ్లకు తేనె, చేతిలో ఎముక... అంతే.

హుస్సేనమ్మ ఆగలేదు. ఎముకకు ఇంకా ఎంతో కండ ఉన్నట్టే — మెల్లగా, మెల్లగా — ఖాళీ నోటితో నములుతూనే ఉంది.