పదహారు లేన్ల స్లాట్

అంబులెన్సు కాల్ సెంటర్లో మాటలు తెగిపోతున్నాయని నెట్‌వర్క్ ఇంజనీరుకు మొదట చెప్పింది ఆమె వదిన. అక్కడ హెడ్‌సెట్ పెట్టుకుని కాల్స్ తీసుకునేది ఆవిడే.

“ఎవరో ఆయన, భార్యకి ఊపిరాడట్లేదని అడ్రస్ చెప్తున్నాడు. లైను సగం మాటలు మింగేసింది. బండి వేరే వీధికి పోయింది. ఆమె బతికిందిలే గానీ, నాకే ముద్ద దిగట్లేదు.”

మర్నాడు ఇంజనీరు ఆ సెంటర్ సర్వర్ గది తలుపు తీసేసరికి ముక్కిపోయిన వాసన గుప్పుమంది. ర్యాకు మీద టీ అట్టకట్టిన కప్పులు. ఫ్యాను జాలీకి జిడ్డుదుమ్ము, అందులో ఓ బొద్దింక కాళ్ళు. ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని కూర్చుంది.

ముందు నెట్‌వర్క్ కార్డును నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్ చూసింది. మాటల్ని ముక్కలుగా మోసుకొచ్చే ప్యాకెట్లు క్షణం ఆగే బఫరు మరీ చిన్నది, పెంచింది. పనంతా ప్రాసెసర్లోని ఒక్క కోరు నెత్తినే పడుతోంది; మిగతా కోర్లకూ పంచింది. అయినా ప్యాకెట్లు రాలిపోతూనే ఉన్నాయి. కాల్సూ, బళ్ళలోని కెమెరాల వీడియోలూ అన్నీ మోసే నెట్‌వర్క్ కార్డు ఇరుకు స్లాట్‌లో, డేటా పోయే దారి ఒకే ఒక్క లేన్ మీద ఈడుస్తోంది.

మిషను విప్పింది. పదహారు లేన్ల వెడల్పు స్లాట్‌లో గ్రాఫిక్స్ కార్డు దర్జాగా కూర్చుంది. దాని కేబులు హాలు గోడమీది పెద్ద తెరకు పోతోంది.

మేనేజరును పిలిపించింది. వెనకాల అందరూ షోకుల సారు అంటారాయన్ని.

“ఆ కార్డులు నేనే అటూ ఇటూ మార్పించా,” అన్నాడాయన, పేపర్ క్లిప్పుతో పళ్ళు కుట్టుకుంటూ. “తెర మీద బళ్ళ మ్యాప్ ఆగి ఆగి నడిచేది. వచ్చినవాళ్ళు ముందు చూసేది అదేగా.”

“కాల్స్ తెగుతున్నాయి సార్.”

“తెగితే మళ్ళీ చేస్తారమ్మా. పైవాళ్ళు తనిఖీకొచ్చి వెళ్ళాక చూద్దాంలే.”

క్లిప్పు కొసన వచ్చినదాన్ని ఆయన ప్యాంటుకు రాసుకున్నాడు. ఆమె కాల్స్‌ని రెండో సర్వరుకు మళ్ళించి, మిషను ఆపి, కార్డులు మార్చేసింది. గోడమీది తెర నల్లబడింది. కాల్స్ తిరిగొచ్చాక వదిన, “పక్కన కూర్చుని చెప్తున్నట్టుంది,” అంది.

మ్యాప్‌కి ఆయన బల్ల కిందే ఓ కంప్యూటరు దొరికింది. ఇన్నాళ్ళూ దానిమీద బూట్లు పెట్టుకున్నాడు. తుడిచి కలిపితే మ్యాప్ చక్కగా నడిచింది. మొదటిరోజే చేయదగ్గ పని.

పైవాళ్ళు వచ్చినప్పుడు షోకుల సారు చేతులు కట్టుకుని, “కార్డుల మార్పు నేనే దగ్గరుండి చేయించానండీ,” అన్నాడు.

“ఏ మార్పు సార్? కాల్స్ తెగేలా చేసిందా, బాగుచేసిందా?” వదిన సీట్లోంచే నింపాదిగా అడిగింది. వాళ్ళు ఆగి ఆరా తీశారు. ఆవిడ ఆ వీధి తప్పిన బండి సంగతితో సహా చెప్పింది.

వారం తిరక్కుండా ఆయన్ని హెడ్డాఫీసుకు మార్చారు. అక్కడ ఇంతకంటే పెద్ద గది ఇచ్చారని వదిన ఫోన్లో చెబితే ఇంజనీరు “ఛీ” అంది. పక్కన చల్లారుతున్న కాఫీ సింకులో పారబోసింది.