టిపెనె కోసం వారం రోజులు

ఆక్లండ్‌లోని ఓ ఆసుపత్రి శవపరీక్ష గదిలో లోసా పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తోంది. సమోవా మనిషి, పెద్ద పెద్ద చేతులు. ఆ మంగళవారం ఆ చేతుల్లోకి వచ్చినవాడు టిపెనె. ఎనిమిదో నెలలో కడుపులోనే పోయాడు. తల్లి టియాహోకి ఇలా పోయినవాళ్లలో వీడు రెండోవాడు.

"ఎందుకు పోతున్నారో నాకు తెలియాలి," అంటూ టియాహో సంతకం పెట్టింది. ఆమె తల్లి పుహి అడ్డం తిరిగింది.

"శనివారం మట్టిచెయ్యాలి. ఇదేం కోతలు?"

లోసా ఏదీ దాచలేదు. "మెదడు మీగడలా ఉంటుందవ్వా. ఇప్పుడు కోస్తే చిదిమిపోతుంది, ఏమీ కనబడదు. తీసి మందునీళ్లలో వారం నానబెడితే గట్టిపడుతుంది."

"వారంపాటు వాడి తల ఖాళీగా పడుండాలా?"

టియాహో గోడవైపు తిరిగి, "అమ్మా, ఇంకొకణ్ణి నేను పూడ్చలేను," అంది.

పుహి కుర్చీ లాక్కుంది. "సరే. అయితే వాణ్ణి ఒంటరిగా వదలను. ఇక్కడే కూర్చుంటా."

మర్నాడు పొద్దున లోసా బిడ్డ తలని నీళ్లలో ముంచి పట్టుకుంది. నీళ్ల బయట తీస్తే మెదడు దాని బరువుకే కుంగి చీలిపోతుంది. డాక్టర్ మొరాగ్ లేత పుర్రె పలకల్ని రేకుల్లా విప్పింది. మెదడు మెల్లగా తేలొచ్చింది. లోసా ఊపిరి బిగబట్టి, కింద అరచెయ్యి పెట్టి, ఫార్మలిన్ మందునీళ్ల బకెట్లోకి జార్చింది. నొక్కుకుపోకుండా అడుగున ముందే దూది పరిచి ఉంచింది.

పుహి పక్కగదిలో బిడ్డ దగ్గర కూర్చుని వారమంతా పాడుతూనే ఉంది. శవమున్న చోట తినకూడదని తిండికి మాత్రం బయటికెళ్లి, చేతులు కడుక్కుని వచ్చేది. ఓరోజు లోసాని చూసి, "ఏమ్మాయ్, రగ్బీవాళ్ల చేతుల్లా ఉన్నాయే నీవి," అంది.

"మా అన్నయ్య ఆడతాడవ్వా. బంతి పట్టడం మాత్రం నాకే బాగా వచ్చు."

పుహి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

ఎనిమిదోనాడు మొరాగ్ మెదడు కోసి చూసింది. లోసా ముక్కల్ని వరసగా పేర్చి, గుడ్డలో చుట్టి, తలలో పెట్టి, సన్నగా కుట్టింది. ఉన్ని టోపీ తొడిగింది. శనివారం కావాల్సింది, ఆ బుధవారం మట్టిచేశారు.

నెల తర్వాత పరీక్షల ఫలితాలన్నీ వచ్చాయి. ఎక్కడా ఏ జబ్బూ లేదు.

"మరెందుకు పోయాడు?" అంది టియాహో.

మొరాగ్ తెలియదంది. పుహి కూతురి భుజం పట్టుకుంది.

లోసా వాళ్లని కారుదాకా దిగబెట్టింది. తలుపు వెయ్యబోతూ టియాహో ఆగింది. "వాడి జుట్టెలా ఉండేది? నేను సరిగ్గా చూసుకోలేదు."

"ఒత్తుగా, నల్లగా," అంది లోసా. "నేనే దువ్వాను."