కామిషిచికెన్ గడప

క్యోటోలో ఒక్కో పేటకి ఒక్కో పొగరు. నిషిజిన్‌ నేతగాళ్లకి మగ్గం చప్పుడు లేకపోతే నిద్ర పట్టదు. ఫుషిమిలో బియ్యం సారా చేసేవాళ్లు మాట్లాడేటప్పుడు మన ముఖం చూడరు, తమ గోదాము వంకే చూస్తారు. ఈ పొగరులన్నీ ఓపిగ్గా భరించి, ఊరు చూడవచ్చినవాళ్లని పేటపేటా తిప్పి బతికిన మనిషి షిగెనో.

ఆమె న్యుమోనియాతో ఆస్పత్రిలో పడి ఉండగా, ఆమె దగ్గరే పని నేర్చుకున్న కురొయివ ఆ దారులన్నీ సొంతం చేసుకున్నాడు. "పాపం, ఆవిడకి మతి తప్పింది" అని ప్రతి దుకాణంలోనూ చెప్పాడు. కోలుకుని షిగెనో ఫుషిమి వెళ్తే, చిరకాలంగా ఎరిగిన సారా గోదాము ముసలాయన, ఆమె తనని మర్చిపోయిందనుకుని, చిన్నపిల్లతో మాట్లాడినట్టు గట్టిగా తన పేరు పలికి వినిపించాడు. ఆ రోజు నుంచీ కురొయివ నాశనం కోరుకుంటూనే ఉంది షిగెనో.

వాడే ఒక మధ్యాహ్నం మిఠాయి పెట్టె పట్టుకుని వచ్చాడు. కామిషిచికెన్ పేటలో గేషాలు ఆడిపాడే టీ ఇళ్లలోకి కొత్తవాళ్లని రానివ్వరు. పాత అతిథి పూచీ ఉంటేనే తలుపు తీస్తారు. ఆ పేటలో టీ ఇల్లు నడిపే ఇతోయె గారింట్లో షిగెనోకి భర్త ఉన్ననాటి నుంచీ చనువు. అక్కడ పాట వింటూ కూర్చునే సాయంత్రాలే ఆమెకి మిగిలిన సుఖం.

"ఒక్కసారి పరిచయం చెయ్యండి గురువుగారూ. మిగతాది నేను చూసుకుంటా."

"ఆ పేట పద్ధతులు తెలుసా నాయనా?"

"తెలీకేం? మీరు నడిచిన దారే కదా."

"ఒకప్పుడు. ఇప్పుడు నీదేగా."

కురొయివ నవ్వేశాడు. ఎత్తిపొడుపు తగిలే చర్మం కాదు వాడిది.

"అవునూ, ఇతోయె గారికి ఎదురుగా ఉన్న టీ ఇంట్లో తోట ఇంకా బావుంటుందట?"

"చాలా బావుంటుంది" అంది షిగెనో.

ఆ పేటలో ఒక ఇంటి గడప తొక్కినవాడు ఇంకో ఇంటికి వెళ్లకూడదు. వెళ్తే పేటంతా వెలేస్తుంది, పూచీ ఉన్నవాళ్లనీ వదలదు. ఈ సంగతి వాడికి చెప్పాల్సింది షిగెనోనే. నోటిదాకా వచ్చింది.

"ఇంకేమైనా అడగాలా?"

"ఇంకేముంటాయండీ" అన్నాడు లేస్తూ. ఆమె ఆ మాట మింగేసింది.

షిగెనో పూచీ మీద ఇతోయె గారింట్లో కురొయివ ఎంతో వినయంగా కూర్చున్నాడు. నెల తిరక్కుండానే, "నేను ఇతోయె గారి అతిథిని" అని చెప్పుకుంటూ టోక్యో నుంచి వచ్చిన పెద్దమనుషుల్ని ఎదురింటికి తీసుకెళ్లాడు. ఆ ఇంటి యజమానురాలు నవ్వుతూ టీ ఇచ్చి సాగనంపింది. వాళ్లు సందు తిరగ్గానే వీధి దాటి ఇతోయె గారి తలుపు తట్టింది. పేటంతా కురొయివని వెలేసింది. ఆ పేట గేషాలు నడుముకి కట్టే పట్టీలు నేసేది నిషిజిన్‌ వాళ్లే కాబట్టి అక్కడా వాడికి తలుపులు మూసుకున్నాయి. తర్వాత ఫుషిమిలో ముసలాయన గోదాము వంక చూస్తూనే వాడిని పొమ్మన్నాడు. ఆ కబురు విన్న రోజు షిగెనో రెండు గిన్నెల నూడుల్స్ తింది.

క్షమాపణ చెప్పడానికి మర్నాడు ఇతోయె గారింటికి వెళ్లింది. ఆవిడ గుమ్మంలోనే నిలబడింది.

"ఇంకో ఇంటి గడప తొక్కకూడదని అతనికి మీరు చెప్పలేదా?"

"లేదండీ."

ఇతోయె గొంతు తగ్గించింది. "మర్చిపోయి ఉంటారు. ఒంట్లో బాగుండటం లేదని విన్నాను. పెద్దతనంలో ఎవరికైనా సహజమే. అలాగని ఒక్క మాట అనండి, ఎదురింటికి నేను సర్దిచెప్తాను."

లోపల ఎవరో పాటకి ముందు వాద్యం తీగలు సవరించుకుంటున్నారు. ఊఁ అంటే చాలు, లోపలికి వెళ్లి ఎప్పటి చోటే కూర్చోవచ్చు.

"మర్చిపోలేదమ్మా" అంది షిగెనో. "నా మతి బాగానే ఉంది. కావాలనే చెప్పలేదు."

ఇతోయె నడుం వంచి నమస్కరించి తలుపు జరిపేసింది. షిగెనో మూసిన తలుపుకే నమస్కారం పెట్టి కదిలింది. వీధి మలుపులో ఏడుపు ఆగలేదు. కానీ కురొయివ మళ్లీ వచ్చి అడిగితే, ఆమె మళ్లీ అలాగే నోరు మూసుకుంటుంది.