తాతలనాటి రాయిని కొట్టిన రోజు

పాస్టరు ఎలీయు చేసిన పనిని కొండరైతు సెలెస్తీనో మట్టిలో కలిసేదాకా మరిచిపోడు. ఆయన వాడి సొమ్ము తినలేదు, వాడిమీద చాడీలు చెప్పలేదు. మనుషుల్ని వాడికి కాకుండా చేశాడు, అంతే.

మొదట్లో పెద్దపీటే వేశాడు. ఆ ఏడు సెలెస్తీనో క్యారెట్లు నేలలోనే కుళ్లాయి. భార్య ఫెలీసా జ్వరంతో పోయింది. ఎలీయు చర్చిలో వాణ్ణి అందరి ముందూ నిలబెట్టాడు.

"దేవుడు కాపాడిన స్త్రీమీద కోపం తీరక, ఘటసర్పం రూపంలోని సాతాను ఆమె సంతానంలో మిగిలినవాళ్లమీద యుద్ధానికి బయల్దేరుతుందని బైబిలు ప్రవచనం. అది ప్రతివాడి జోలికీ రాదు, నికార్సయిన విశ్వాసి కోసమే వస్తుంది. చూడండి, మన సెలెస్తీనో ఇంటికొచ్చింది!"

గిటార్లు మోగాయి. భార్యను పూడ్చిన వాడు ఆ మాట పట్టుకునే బతికాడు.

మరుసటేడూ పంట పోయింది. అప్పుడు మాట మారింది. సర్పం ఇన్నాళ్లూ వదలలేదంటే వీడి ఇంట్లో ఏదో తలుపు తెరిచే ఉందన్నారు. చర్చిలో వాడు కూర్చున్న బల్ల ఖాళీ అవడం మొదలుపెట్టింది. దారిలో పక్కచేను మకారియో ఎదురైతే పిలిచాడు.

"రా మకారియో, కాఫీ తాగి పో."

"ఇప్పుడే ఇంట్లో తాగొచ్చానన్నా."

"మీ పొయ్యి ఇంకా రాజుకోనే లేదు, పొగేదీ?"

"నన్నెందుకన్నా ఇరుకున పెడతావు? మా ఆవిడ కడుపుతో ఉంది."

సెలెస్తీనో నేరుగా ఎలీయు దగ్గరికి వెళ్లాడు. "ఏ తలుపు పాస్టరుగారూ? చూపిస్తే మూసేస్తాను."

"నీ చేను పైగట్టులో మీ తాత ధూపం వేసి కోడిని కోసిన రాయి ఉందా, లేదా?"

"ఉంది. నేను దానికి ఒక్క పువ్వు పెట్టి ఎరగను. దానిమీద కూర్చుని రొట్టె తింటాను."

"నువ్వొక్కడివే కూర్చుంటున్నాననుకుంటున్నావు."

వారం తిరగకుండా సంఘమంతా సమ్మెటలతో వచ్చింది. చేను చుట్టూ నూనె చిలకరించి పాడారు. మొదటి దెబ్బ మకారియోదే. రాయి ముక్కలయ్యాక అందరూ వాడి వంటింట్లో చిక్కుడుగింజలు తిన్నారు. మకారియో కాఫీ రెండోసారి అడిగి మరీ పోయించుకున్నాడు. ఫెలీసా పోయాక మసిపట్టిన కుండలన్నీ ఆడవాళ్లు తోమి బోర్లించారు. సెలెస్తీనో పెరట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుని వచ్చాడు.

గట్టును పట్టి నిలిపింది ఆ రాయేనని వానలు వచ్చాకే తెలిసింది. పట్టపగలు, వాడు చూస్తుండగానే గట్టు జారింది. దాని వెంట చేనూ, పైనున్న నీటి ఊటా లోయలోకి వెళ్లిపోయాయి.

మర్నాడు ఎలీయు వచ్చి రోడ్డుమీదే ఆగాడు. పక్కన మకారియో గొడుగు పట్టాడు.

"చూశావా సహోదరా! సర్పం నోట్లోంచి నదిలా నీళ్లు కక్కుతుందని రాసే ఉంది."

"తరవాతి మాట కూడా చదవండి. భూమి నోరు తెరిచి ఆ నీళ్లను మింగి స్త్రీని కాపాడింది కదా? ఇక్కడ భూమి నన్నే మింగిందేం?"

ఎలీయు గొడుగులోకి జరిగాడు. "ఇంకో తలుపు ఉండి ఉంటుంది. వెతుక్కో."

గొడుగు వెనక్కి తిరిగింది. మకారియో తల ఎత్తలేదు.

ఆదివారం పాటలు కొండ దిగి వాడి గుమ్మందాకా వస్తాయి. మనుషులు రారు. వాడు ఇప్పటికీ మోకరిస్తాడు. తనతో యుద్ధం చేస్తున్నది ఎవరో చెప్పమని మాత్రమే అడుగుతాడు. వాడికి పోయింది ఎకరం కూడా లేని మూడు కుయెర్దాల క్యారెట్టు చేను, దాని పైనున్న నీటి ఊటతో సహా.